వంత లేని పాట
(పాటలో ఒంటరితనం, విజయం – ఒక పరిశీలన)

పాటలో ఒంటరితనం కనిపించగానే దాన్ని కవి స్వభావానికి ముడిపెట్టడం సాహిత్య విమర్శలో పాత అలవాటు. ఒక పక్షం వారు అది సున్నితమైన హృదయానికి గుర్తు అంటారు. రెండవ పక్షం వారు పలాయనవాదమని కొట్టిపారేస్తారు. పైకి ఈ రెండూ విరుద్ధమైన అభిప్రాయాలు. కాని ఒంటరితనం కవి గుండెలో పుట్టి గుండెలోనే ఉండిపోతుందన్న నమ్మకం మాత్రం ఇద్దరిదీ ఒకటే. పాట ఎవరి మధ్య పుడుతోంది, దానికి ఎవరు బదులు పలుకుతున్నారు, దాని విజయం ఎవరికి దక్కుతోంది అన్న ప్రశ్నలు వేసుకుంటే విషయం వేరుగా కనిపిస్తుంది. ఈ ప్రశ్నలకు కృష్ణా డెల్టా పాట చరిత్రలో మంచి ఆధారాలున్నాయి. అక్కడ తేలిన విషయాన్ని నేటి హిప్‌హాప్ పాటకు, ముఖ్యంగా పోలండులో వచ్చిన పాటకు, అన్వయించి చూడవచ్చు.

1. ముగ్గురి పాట

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు. అతని భుజాన తంబురా, వేళ్లకు అందెలు. ఇరుపక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయ వంత, మరొకరు హాస్య వంత. రాజకీయ వంత పాత కథను నేటి బతుకుతో ముడిపెడతాడు. హాస్య వంత శ్రోత అడగదలచుకున్న ప్రశ్న తాను అడుగుతాడు. కథకుడు ఆవేశంలో ఆకాశానికి ఎగిరితే హాస్య వంత ఒక్క మాటతో నేలకు దించుతాడు. కథకుడు దానికి సమాధానం చెప్పిగాని కథ ముందుకు నడపలేడు. ఎంత పేరున్న కథకుడైనా సరే, అతని గొప్పను అదుపులో ఉంచే ఏర్పాటు ఆ ప్రక్రియలోనే ఉంది.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన రోజుల్లోనే ప్రజానాట్యమండలి ఈ ప్రక్రియను చేపట్టింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు. షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఊరూరా వినిపించారు. సీతారామరాజు చివరి గడియ ఒంటరిదే. 1924లో పట్టుబడిన ఆయనను తుపాకులకు ఎదురుగా నిలబెట్టి కాల్చారు. అయినా ఆ కథ విని ఇంటికి వెళ్లే రైతుకు మిగిలేది ఒంటరితనం కాదు. వీరుడి దుఃఖానికి పక్కనే ఇద్దరు గొంతు కలిపారు, ఎదుట ఊరంతా కూర్చుంది. దుఃఖం పంపకమైంది.

2. అయిదుగురు కలిసి చేసిన ఒంటరితనం

1948 తరువాత కమ్యూనిస్టు ఉద్యమం మీద సాగిన నిర్బంధంలో ఈ దళాలు చెదిరిపోయాయి. మిక్కిలినేని, తాతినేని ప్రకాశరావు వంటి మండలి కళాకారులు మద్రాసు సినిమా రంగం చేరారు. 1953లో మండలి నాయకుడు డాక్టర్ గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’ తీశారు. అది ఆర్థికంగా దెబ్బతింది. అదే ఏడాది ‘దేవదాసు’ వచ్చి అఖండ విజయం సాధించింది. కథ శరత్ బాబుది, బెంగాలుది. కాని దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి వారు. నాయకుడు అక్కినేని, గాయకుడు ఘంటసాల ఇద్దరూ గుడివాడ ప్రాంతం వారు. పాటల రచయితగా పేరు పడిన సముద్రాల రాఘవాచార్య రేపల్లె వైపు వారు. తెలుగువారి ఒంటరితనానికి ఆనవాలుగా నిలిచిన పాటలను తయారుచేసింది ఈ డెల్టా మనుషులే.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ పాటల్లోని ఒంటరితనం ఎవరిది? సన్నివేశం దర్శకుడిది, బాణీ సుబ్బురామన్‌ది, మాట రచయితది, గొంతు ఘంటసాలది, ముఖం అక్కినేనిది. అయిదుగురు పంచుకుని చేసిన పనికి ఫలితం ఒక్కడి ఏకాంత విషాదం! పైగా మాట విషయంలో మరో మెలిక ఉంది. ఆ పాటల వెనుక బందరు మల్లాది రామకృష్ణశాస్త్రి చేయి ఉందన్న మాట సాహిత్య వర్గాల్లో చాలా కాలంగా వినబడుతోంది. ‘కృష్ణాతీరం’ రాసిన ఆ మహారచయిత ఇతరుల పేరిట పాటలు రాసి చాలా కాలం తెర వెనుకే గడిపారు. 1956లో ‘చిరంజీవులు’ పాటలు ఆయన పేరుతోనే జనంలోకి వెళ్లాయి. తెర మీది దేవదాసు కన్నా, పేరు లేకుండా పాట రాసినవాడి ఒంటరితనం లోతైనది. దాన్ని గురించి మాత్రం పాట లేదు.

కథలో దేవదాసు ఒంటరితనానికి కారణం స్పష్టంగా ఉంది. జమీందారు ఇంటికీ ఇరుగింటికీ మధ్య అంతస్తు అడ్డు వచ్చింది. భూమి, కట్నం, పెళ్లి ఒకదానితో ఒకటి పెనవేసుకున్న డెల్టా గ్రామానికి ఆ అడ్డుగోడ బాగా తెలుసు. పాట ఆ కారణాన్ని పక్కన పెట్టి దుఃఖాన్ని వేదాంతం చేసింది. అందుకే అది కారణాలు వేరైన వారందరికీ సరిపోయింది. విజయానికి ఇదొక సూత్రం: కారణం చెరిపివేసిన దుఃఖానికి గిరాకీ ఎక్కువ.

ఆత్రేయ ప్రస్థానంలో ఇదే పరిణామం కనిపిస్తుంది. ‘ఎన్.జి.ఓ.’ నాటకంలో ఆయన చూపింది గుమాస్తా బతుకు. అక్కడ మనిషిని ఒంటరి చేసింది జీతం రాళ్లు. 1971 నాటి ‘ప్రేమనగర్’లో ఒంటరివాడు మళ్లీ జమీందారే. అయితే ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆత్రేయ ఆ జమీందారు చేత పలికించినది గుమాస్తా ఇంటి తెలుగు. పండిత సమాసాలు లేని ఆ మాటల్ని రిక్షా తొక్కేవాడు తన మాటలుగా పాడుకున్నాడు. చెరిపివేసిన కారణాన్ని శ్రోత తన బతుకులోంచి తెచ్చి మళ్లీ పూరించుకున్నాడు. పలాయనవాదం అన్న ఒక్క మాటతో ఈ పాటలను తోసిపుచ్చిన విమర్శ శ్రోత చేసే ఈ పనిని లెక్కలోకి తీసుకోలేదు.

కాని శ్రోత పలికిన బదులు రచయితను చేరదు. విజయవాడలో 1921లో మారుతీ టాకీసు వెలిసిన నాటి నుంచి ఈ ఊరు సినిమా వ్యాపారానికి కేంద్రం. హాల్లో ఈల వేసినా, కన్నీరు పెట్టినా, గాంధీనగరం డిస్ట్రిబ్యూటరు ఆఫీసుకు అది చేరేది వసూళ్ల అంకెగానే. వంత పలికే మనిషి పోయి, వంతకు బదులు అంకె వచ్చింది. మార్క్సు పరాయీకరణ అన్న మాటకు మన సాహిత్య చరిత్రలో ఇంతకన్నా తేలికగా అర్థమయ్యే ఉదాహరణ లేదు.

3. సరుకైన ‘నేను’

హిప్‌హాప్ ఈ చీలికను పూడుస్తున్నట్టు కనిపిస్తుంది. 1973లో న్యూయార్కు బ్రాంక్స్ పేట విందుల్లో పుట్టిన ఈ ప్రక్రియలో రాసినవాడే పలుకుతాడు. పాటలోని ‘నేను’ అతడే. మొదట్లో అతని పక్కన జతగాళ్లు, ఎదుట బదులు పలికే గుంపు ఉండేవారు. అంటే వంతలున్నారు.

పోలండులో 1989 తరువాత మార్కెట్టు వ్యవస్థ వచ్చింది. బొగ్గు గనుల ప్రాంతమైన సిలేసియాలో గనులు మూతపడ్డాయి, నిరుద్యోగం పెరిగింది. కార్మికుల కోసం కట్టిన బహుళ అంతస్తుల ఇళ్ల మధ్య పెరిగిన యువకులు తమ బతుకును హిప్‌హాప్‌లో చెప్పుకున్నారు. కతోవిట్సె ప్రాంతపు ‘పాక్తోఫోనికా’ వారిలో ప్రముఖమైనది. మాగిక్, రహీమ్, ఫోకుస్ – వీరూ ముగ్గురే. 2000 డిసెంబరు 18న వారి ‘కినెమతోగ్రాఫియా’ విడుదలైంది. ఎనిమిది రోజులకు, 22 ఏళ్ల వయసులో, మాగిక్ ప్రాణం తీసుకున్నాడు. ఒక మరణానికి ఒక్క కారణం అంటగట్టడం విమర్శకుడి పని కాదు. పాటకు ఆ తరువాత ఏం జరిగిందో మాత్రం చూడవచ్చు. వారి అతి ప్రసిద్ధమైన పాట పేరుకు ‘నేనే దేవుణ్ణి’ అని అర్థం. గొప్పలు చెప్పుకోవడం హిప్‌హాప్ సంప్రదాయం. ఏమీ లేనివాడు ఆ మాట అంటే అందులో ధిక్కారం ఉంది. 2012లో వారి కథతో వచ్చిన సినిమాను పది లక్షలకు పైగా జనం చూశారు. దాని పేరుకు అర్థం ‘నువ్వే దేవుడివి’. పన్నెండేళ్లలో ‘నేను’ కాస్తా ‘నువ్వు’ అయింది. బతికుండగా ఎదురు ప్రశ్న కావలసినవాడికి, పోయాక హారతి దక్కింది.

2019 డిసెంబరులో మతా అనే యువకుడి పాట ఆ దేశంలో పెద్ద చర్చ రేపింది. ఇతడు కార్మికవాడ బిడ్డ కాదు. న్యాయశాస్త్ర ఆచార్యుడి కొడుకు. వార్సాలో పేరున్న హైస్కూలు పిల్లల మత్తు, ఒత్తిడి, పట్టించుకోని తల్లిదండ్రులు అతని వస్తువు. మార్కెట్టులో ఓడినవారి పిల్లలే కాదు, గెలిచినవారి పిల్లలూ ఒంటరివారేనని ఆ పాట సాక్ష్యం చెప్పింది. ర్యాంకుల కోసం పిల్లల్ని హాస్టళ్లలో పెట్టి తలుపులు వేసే మన విజయవాడకు ఈ మాట పరాయిది కాదు. కాని ఒప్పుకోలు నిజమైనదైనా, అది కూడా ‘నేను’ పేరిట అమ్ముడయ్యే సరుకే. సినిమా కవి ఇతరుల దుఃఖాన్ని అమ్మి తాను పక్కన నిలబడగలిగాడు. హిప్‌హాప్ కవికి ఆ వెసులుబాటు లేదు. గిరాకీ తగ్గకుండా ఉండాలంటే అతని గాయం మానకూడదు.

4. వంత పాడడం

ఇప్పుడు హైదరాబాదు నుంచి రోల్ రైడా, నోయెల్ వంటివారు తెలుగులో ర్యాప్ చేస్తున్నారు. మన కాలేజీల్లో విద్యార్థులు రాస్తున్నారు. వారి ‘నేను’ను అహంభావమనో, దిగుమతి మోజు అనో ఈసడించుకుంటే విమర్శ తన బాధ్యతను వదిలేసినట్టే. ఆ ‘నేను’ దేనివల్ల ఒంటరి అయిందో పాటలో పట్టుకోవాలి. కారణం ఉందా, చెరిగిపోయిందా చూడాలి.

మన భాషలో ‘వంత పాడడం’ అన్న మాటకు ఏ గతి పట్టిందో గమనించండి. ఈనాడు దానికి అర్థం ప్రతి మాటకూ అవుననడం, భజన చేయడం. బుర్రకథ వంత అలాంటివాడు కాడు. అతడు గొంతు కలుపుతాడు, అడ్డు ప్రశ్న కూడా వేస్తాడు. విజయం రచయిత చుట్టూ మొదటి రకం వంతలను పోగుచేస్తుంది, రెండవ రకం వారిని దూరం చేస్తుంది. వేలమంది మధ్య కవి ఒంటరి కావడమంటే ఇదే. రచయితల సంఘాలకూ ఈ జబ్బు సోకకపోలేదు.

తిరిగి అందరం తంబురా పట్టుకోలేము. ప్రక్రియలు కాలంతోపాటు మారతాయి. కాని రాసిన పాటను ముందుగా వినిపించడానికి, ఇది అబద్ధం, ఇక్కడ నీ దుఃఖానికి కారణం దాచావు అని చెప్పడానికి ప్రతి కవి పక్కనా ఇద్దరుండాలి. అలాంటి ఇద్దరిని తయారుచేయలేని సంఘం ఎన్ని సభలు జరిపినా ప్రయోజనం లేదు.