మలుపులో బిగుసుకుపోకండి!
మామిడికుదురు నుంచి అప్పనపల్లి బాలబాలాజీ దర్శనానికి బండి మీద వెళ్లేటప్పుడు మనలో చాలామంది ఒక పక్కకే కూర్చుంటాం. చీరకట్టుతో అదే వీలు మరి! కానీ వెనక కూర్చున్నవాళ్ల బరువూ బండి నడకను మారుస్తుంది. మలుపులో బండి లోపలివైపుకి ఒరిగితేనే తిరుగుతుంది. “అమ్మో, పడిపోతాం!” అని మనం రెండోవైపుకి వాలామా, అదే మలుపుకి నడిపేవారు బండిని ఇంకాస్త ఒరగనివ్వాల్సి వస్తుంది. పక్కనే కాలవ ఉంటే వేరే చెప్పాలా! సీటు చివర కూర్చున్నా ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలిపోతుంది. దగ్గరగా జరిగి, పిడి పట్టుకుని, పాదాలు ఫుట్‌రెస్టు మీద ఆనించి, ఆయనతోపాటే ఒరగండి. కాళ్లు చెరోవైపు వేసుకోగలిగితే మరీ మంచిది. పిడి, ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని సగమైనా కప్పే శారీగార్డు బండికి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. అందం కోసం గార్డు ఊడదీయించిన బండైతే ఎక్కనని చెప్పేయండి. కొంగు నడుముకి దోపుకున్నాకే కదలనివ్వండి.