మహాసరస్సులపై ప్రాణరక్షణము

సరస్సనగానే తామరపూవులును, నిశ్చలజలమును మనకు తలఁపునకు వచ్చుట సహజము. కాని ఉత్తర అమెరికాలోని సుపీరియర్, మిచిగన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియో సరస్సుల వైశాల్యమును గూడ్చినచో, మన రెండు తెలుగు రాష్ట్రముల మొత్తమునకు కొంచెమే తక్కువగా, సుమారు 2,44,000 చదరపు కిలోమీటర్లగును. నవంబరు పెనుగాలులకు అచ్చట లేచు కెరటములు మహాసముద్రపుటలలకంటె దగ్గరదగ్గరగా, నిట్టనిలువుగా వచ్చిపడుచుండుటచేత, ఒక దెబ్బనుండి తేఱుకొనకమునుపే ఓడపై రెండవ దెబ్బ పడును.

ఈ జలములపై ఆపన్నులను వెదకి రక్షించు భారమును అమెరికా, కెనడా తీరరక్షకదళములు పంచుకొనియున్నవి. 1915లో ఏర్పడిన అమెరికా దళమునకు ఇచ్చటి ప్రధానస్థానము క్లీవ్‌లాండ్ నగరము. మిచిగన్ రాష్ట్రమందలి ట్రావర్స్ సిటీలో దాని హెలికాప్టర్లు సిద్ధముగా నుండును.

ఎంతటి సాహసికులైనను కబురందనిదే కదలజాలరు. 1966 నవంబరు 29వ తేదీ తెల్లవారక మునుపే, హ్యూరాన్ సరస్సులో డేనియల్ జె. మొర్రెల్ అను సరకులోడ తుపానుచే రెండుగా విఱిగినప్పుడు, విద్యుత్తు తెగిపోవుటచే అపాయవార్త పంపుటకే వీలు లేకపోయెను. ఓడ కనబడుటలేదన్న సంగతి మఱునాఁటివఱకు దళమువారి చెవిని పడనే లేదు. తెప్పపైకి చేరిన నలుగురిలో మువ్వురు చలికి మరణింపగా, డెన్నిస్ హేల్ అను నావికుఁడు, లోదుస్తులపై ఒక కోటును, లైఫ్ జాకెట్టును మాత్రమే ధరించి, సుమారు 38 గంటలు ఆ సరస్సుపై గడపి, హెలికాప్టరువారి కంటఁబడెను. ఓడలోని 29 మందిలో బ్రదికినవాఁ డాతఁ డొక్కఁడే. కబురు ముందే చేరియున్నచో ఆ మువ్వురిలో ఒక్కరైనను దక్కియుండెడివారేమో!

నేఁడు వి.హెచ్.ఎఫ్. రేడియోలోని 16వ ఛానెలును అహోరాత్రములు ఆలకించువారున్నారు. అయినను వార్త యందిన పిమ్మట వెదకుట సులభము కాదు. తెప్పను గాలి తఱుముకొనిపోవును. నీటనున్న మనుష్యుని ప్రవాహము మఱియొకవైపు లాగును. కావున కడపట కనబడిన చోటు, వేళ, గాలివేగము, నీటిపోకడ కంప్యూటరునకిచ్చి, ఏ భాగమున దొరకుట కెక్కువ అవకాశము కలదో గణించి, ఆ భాగమును సమాంతరరేఖలుగా గాలింతురు. గంట గడచినకొలఁదియు గాలింపవలసిన మేర పెరుగుచునే యుండును. నీటనున్నవాని శక్తి తఱుగుచునే యుండును. చన్నీట పడినవాఁడు మొదటి నిమిషమున ఊపిరిని అదుపునకు తెచ్చుకొనవలెను; కాలుసేతులు మాట వినునది సుమారు పది నిమిషములే; స్పృహ నిలుచునది దాదాపు గంట. లైఫ్ జాకెట్టు లేనివాఁడు ఆ గంటవఱకు తేలియుండుట దుర్లభము.

శీతకాలమున ఆపద మఱియొక రూపము దాల్చును. 2009 ఫిబ్రవరిలో ఈరీ సరస్సుపై పేరుకొన్న మంచుపలక తీరమునుండి విడివడి, దానిపై చేపలు పట్టుచున్న నూఱుమందికి పైగా జనులను నడినీటికి తీసికొనిపోగా, హెలికాప్టర్లతోను పడవలతోను వారిని గట్టునకు చేర్చిరి. ఒకరు మాత్రము మరణించిరి.

చికాగో, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ ప్రాంతములందు మన తెలుగువారనేకులు నివసించుచున్నారు. మీ బిడ్డలచ్చట నున్నచో, పడవ యెక్కునపుడు లైఫ్ జాకెట్టు తప్పక ధరింపుఁడనియు, ఎచ్చటికి పోవుచున్నదియు, ఏ వేళకు మరలివచ్చునదియు గట్టుననున్న వారొకరికి చెప్పి మఱి కదలుఁడనియు వారికి నొక్కి చెప్పుఁడు.