కర్ర వీపున ఉక్కు పట్టీ

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి వీణలకు పేరుపడ్డ ఊరు. అక్కడివాళ్లు పనస దుంగను ఉలితో తొలిచి, కుండా దండీ ఒకే చెక్కలో వచ్చేలా ఏకాండి వీణ చేస్తారు. గిటారుకు ఈ దారి కుదరదు. దాని పక్క చెక్క మందం సుమారు 2 మిల్లీమీటర్లే. అంత పలచని వంపును మొద్దులోంచి కోసి తీస్తే నార అడ్డంగా తెగి, నడుము దగ్గర పుటుక్కున విరుగుతుంది. కాబట్టి వంచాల్సిందే.

కర్రలో సెల్యులోజ్ నారలను లిగ్నిన్ అనే పదార్థం అంటిపెట్టుకుని ఉంటుంది. తడి కర్రలో ఇది 100 డిగ్రీల సెల్సియస్ లోపే మెత్తబడుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. అయితే ఒక చిక్కుంది. ఆవిరి పట్టిన బీచ్ వంటి కర్రను నిలువునా నొక్కితే పావు వంతు దాకా కుంచించుకుపోతుంది. లాగితే ఒకటి రెండు శాతానికి మించి సాగదు. వంచినప్పుడు లోపలి ముఖం నలగాలి, బయటి ముఖం సాగాలి. అందుకే పగులు ఎప్పుడూ బయటివైపే మొదలవుతుంది.

ఈ ముడి విప్పినవాడు మైకేల్ తోనెట్. 1796లో రైన్ నది ఒడ్డున బొప్పార్డ్‌లో పుట్టి, 1842లో వియన్నా చేరిన వడ్రంగి. కర్ర వీపున ఉక్కు పట్టీ ఆనించి, రెండు కొనలా అడ్డాలు బిగించాడు. ఇక బయటి ముఖం సాగే వీల్లేదు, వంపు భారమంతా నలగగలిగిన లోపలి ముఖం మీదే పడింది. మొద్దు కర్రను వంచే ఈ పద్ధతికి 1856లో ఆస్ట్రియాలో హక్కులు పొందాడు. 1859లో వచ్చిన అతని 14వ నంబరు కుర్చీలను విడదీస్తే, ఒక ఘనమీటరు పెట్టెలో 36 పట్టేవి. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడయ్యాయి.

గిటారు పనివాళ్లు చాలాకాలం కాలిన ఇనుప గొట్టం మీదే పని నడిపారు. తడిపిన చెక్కను గొట్టానికి ఆనించి మెల్లగా ఒత్తుతారు. ఆవిరి బుసలు కొడుతుంది. ఉన్నట్టుండి చేతికింద చెక్క బిగువు సడలుతుంది. వంచాల్సింది ఆ క్షణంలోనే. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిట్లుతుంది.

ఈ చేతివాటాన్ని యంత్రంలోకి దించినవాడు అమెరికా గిటారు తయారీదారు చార్లెస్ ఫాక్స్. గిటారు ఆకారపు అచ్చు, లోపల వేడికి లైటు బల్బులు, చెక్కకు రెండువైపులా పలచని స్ప్రింగు ఉక్కు రేకులు. ముందు నడుము దిగేలా మర తిప్పి, తర్వాత పై భాగాన్నీ కింది భాగాన్నీ వంచుతారు. ఇప్పుడు బల్బుల చోట కరెంటుతో వేడెక్కే సిలికాన్ దుప్పటి వచ్చింది. కొనలకు అడ్డాలు అక్కర్లేదు. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధపు వంపులో 2 మిల్లీమీటర్ల చెక్క బయటి ముఖం సాగాల్సింది సుమారు 2 శాతమే. బీట పుట్టకుండా రేకు అదిమిపెడితే చాలు.

అయితే అన్ని కర్రలూ ఒకేలా వంగవు. 1970 దరిదాపుల్లో బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై, గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ మన దేశపు రోజ్‌వుడ్ అయిన ఇరుగుడు చేవకు మళ్లింది. ఇది బాగానే వంగుతుంది. నార అలలు తిరిగిన మేపుల్ అలా కాదు. అందులో నార ముఖం మీదే తెగి బయటపడుతుంది కాబట్టి, రేకు ఎంత అదిమినా చిట్లే ప్రమాదం పోదు. అందుకే ఎంత మంచి యంత్రం కొన్నా, నార బారుగా సాగిన పలకను ఏరుకునే పని మనిషి కంటికే మిగిలింది.