మట్టిని చదివే చదువు

చాలా ఊళ్ళ పక్కన ఒక దిబ్బ ఉంటుంది. దాన్ని పాటిదిబ్బ అంటారు. ఎండాకాలంలో రైతులు ఆ పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటారు. ఆ మన్ను వేస్తే పైరు బాగా ఎదుగుతుంది. ఎందుకని? ఒకప్పుడు అక్కడ ఊరు ఉండేది. ఆ ఊరి పొయ్యిల బూడిద, పేడ, కసువు అన్నీ కలిసి చివికి మన్నయ్యాయి.

ఆ మన్నులో కుండ పెంకులు వస్తాయి. పూసలు వస్తాయి. అరిగిపోయిన నూరుడు రాయి వస్తుంది. "పెంకులే కదా" అని గట్టు మీద పారేస్తారు. ఆ పెంకుల కోసమే కొందరు విశ్వవిద్యాలయంలో చేరి చదువుతారంటే వింతగా ఉంటుంది. ఆ చదువు పేరు పురావస్తు శాస్త్రం.

మహారాష్ట్రలోని పూణేలో దక్కన్ కాలేజి ఉంది. 1939లో అది పరిశోధనా సంస్థగా మళ్ళీ మొదలైంది. 1990లో విశ్వవిద్యాలయం హోదా పొందింది. అక్కడ మొదట్లో పాఠాలు చెప్పిన ఆచార్యుడు హెచ్.డి. సంకాలియా. ఆయన ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రాంతం అప్పగించేవారు. ఒకరికి ఒక జిల్లా, ఇంకొకరికి ఒక నది లోయ. ఆ ప్రాంతమంతా ఊరూరా తిరగాలి. వాగుల ఒడ్లు, చేలగట్లు వెతకాలి. అంతా నడకే.

దక్కన్ అంటే పీఠభూమి. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, రాయలసీమ ఇందులోకే వస్తాయి. తెలుగువారైన కె. పద్దయ్య ఆ కాలేజీలోనే చదివి అక్కడే ఆచార్యులయ్యారు. కర్ణాటకలోని షోరాపూర్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి తిరిగి, ఆదిమానవుల రాతి పనిముట్లు ఎన్నో కనుక్కున్నారు. 2012లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆడవాళ్ళకు ఈ తిరుగుడు చదువు కుదురుతుందా? ఇరావతి కర్వే 1939లోనే ఆ కాలేజీలో చేరారు. ఆమెది మనుషుల పుట్టుపూర్వోత్తరాలు చదివే శాస్త్రం. ముగ్గురు పిల్లల తల్లి. సంకాలియాతో కలిసి గుజరాత్‌లో తవ్వకాలకు వెళ్ళారు. పాతకాలం మనుషుల ఎముకలను పరిశీలించారు.

పూణేకు తూర్పున ఘోడ్ నది ఒడ్డున ఇనాంగావ్ అనే ఊరుంది. అక్కడి దిబ్బను ఈ కాలేజి వాళ్ళు 1968 నుంచి 1983 దాకా తవ్వారు. ఒక్క దిబ్బకు పదిహేనేళ్ళా? అవును మరి. పారతో గబగబా తవ్వేస్తే ఏమీ తెలియదు. చిన్న పనిముట్లతో గీకుతూ, కుంచెతో తుడుస్తూ పొరపొరగా తీయాలి. గోడకు ఏటేటా సున్నం వేస్తే పొర మీద పొర పడుతుంది కదా, ఇదీ అంతే. పైపొర కొత్తది, అడుగు పొర పాతది. దొరికిన పెంకును కడిగి, ఆరబెట్టి, దాని మీద నంబరు రాస్తారు. ఏ పొరలో దొరికిందో ఆ నంబరు చెబుతుంది. నంబరు లేని పెంకు అడ్రసు లేని ఉత్తరం లాంటిది. బూడిద మన్నును నీళ్ళలో కలుపుతారు. మాడిన గింజలు పైకి తేలతాయి. ఆ గింజలను బట్టి ఏం పండించారో, ఏం వండుకున్నారో తెలుస్తుంది.

ఇనాంగావ్‌లో సుమారు 3600 ఏళ్ళ కిందట జనం కాపురాలు పెట్టారు. తవ్వకాల్లో వందకు పైగా ఇళ్ళు బయటపడ్డాయి. పొయ్యిలు, గాదె, నీటి కాలువ కనబడ్డాయి. బార్లీ, ఉలవలు తినేవారు.

ఇళ్ళలో నేల కింద ఇంకొకటి కూడా కనబడింది. పసిబిడ్డ చనిపోతే ఊరవతలికి తీసుకుపోలేదు. రెండు కుండలు తెచ్చి, మూతికి మూతి ఆనించి, అందులో బిడ్డను ఉంచి ఇంట్లోనే పూడ్చుకున్నారు. అలాంటివి ఒకటీ రెండూ కాదు, చాలా ఉన్నాయి. ఆ పిల్లల పాలపళ్ళను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, పుట్టిన కొత్తలోనో తిండి చాలకపోతే, జబ్బు చేస్తే పంటి పైపొర సరిగా ఏర్పడదు. ఆ లోపం పంటి మీద అలాగే నిలిచిపోతుంది. ఆ తల్లుల పేర్లు తెలియవు. వాళ్ళ కష్టం మాత్రం తెలిసింది.

సుమారు 3000 ఏళ్ళ కిందట అక్కడ వానలు తగ్గాయని పరిశోధకులు అంటారు. పై పొరల్లో పెద్ద ఇళ్ళు లేవు, చిన్న గుండ్రటి గుడిసెలే ఉన్నాయి. వేటాడిన జంతువుల ఎముకలు ఎక్కువయ్యాయి. తరువాత జనం ఊరు వదిలి వెళ్ళిపోయారు.

ఈ సంగతులు ఏ శాసనంలోనూ లేవు. శాసనాల్లో రాజుల పేర్లుంటాయి, దానధర్మాలుంటాయి. పొయ్యి, నూరుడు రాయి, బిడ్డ చావు వాటికి పట్టవు. వాటిని దాచి ఉంచింది దిబ్బే. అలాంటి దిబ్బలను ఇప్పుడు యంత్రాలు ఒక్క రోజులో చదును చేస్తున్నాయి. పొర కలిసిపోతే మళ్ళీ చదవడం ఎవరి తరమూ కాదు. దిబ్బలో పాత కుండలు, ఎముకలు బయటపడితే తవ్వడం ఆపి, తహసీల్దారుకు గాని పురావస్తు శాఖకు గాని చెప్పాలి. బంగారం, నాణేల వంటి నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. దాచుకుంటే నేరం.

ఈ చదువు చదవాలంటే ముందు డిగ్రీ పూర్తి చేయాలి. ఆ తరువాత రెండేళ్ళ ఎం.ఏ. అందుకు పూణేకే పోనక్కరలేదు. హైదరాబాద్‌లో ఉస్మానియా, విశాఖలో ఆంధ్ర, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోనూ పురావస్తు శాస్త్రం చెబుతారు. తరగతి గదిలో సగం చదువే. మిగతా సగం దిబ్బ మీద, ఎండలో, ఊరి కూలీల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.