విమాన దూరము – ప్రయాణ కాలము

దూరమెంత, కాలమెంత యను ప్రశ్నలు చూచుటకు సులభములు. విమానయానమున మాత్రము ఆ రెండును మనలను భ్రమింపజేయును. నిజాంపేటలో బిడ్డలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు అనేకులు గలరు గనుక ఈ లెక్క పెద్దలకును పిన్నలకును ఉపయోగకరము.

పూర్వము ఇచటి ప్రయాణికులు బేగంపేటలో విమానమెక్కెడివారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడెను. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు అచటినుండి చికాగోకు నడుమ నెచటను దిగని విమానమును ప్రారంభించిరి. ఆ మార్గమునే ఉదాహరణముగా గైకొందము.

మెర్కేటరు పద్ధతిని గీచిన భూపటముపై ఈ రెండు నగరములను బద్దతో కలిపినచో, ఆ గీత అరేబియా, ఐగుప్తు, అల్జీరియాల మీదుగా అట్లాంటికు మహాసముద్రమును దాటును. దాని పొడవు సుమారు 16,100 కిలోమీటర్లు. అయినను దగ్గరదారి యది కాదు. ఏలయన, భూమి గుండ్రనిది, పటము చదునైనది. ఒక డిగ్రీ రేఖాంశపు ఎడము భూమధ్యరేఖయొద్ద 111 కిలోమీటర్లుండగా, 60వ అక్షాంశమున 56 కిలోమీటర్లే. ధ్రువమున రేఖాంశములన్నియు నొక్క బిందువున గలియును. పటము ఈ ఎడమును అంతటను సమానముగా జూపును.

కావున ఉత్తరమునకు బోయి అచట దాటుటయే లాభము. నిజమైన దగ్గరదారి మధ్య ఆసియా, రష్యాల మీదుగా 79వ ఉత్తర అక్షాంశము సమీపమువరకు బోయి, గ్రీన్‌లాండు, కెనడాల మీదుగా దిగును. దాని పొడవు సుమారు 13,280 కిలోమీటర్లు. అనగా 2,800 కిలోమీటర్లకు పైగా మిగులును. దీనిని మహావృత్త మార్గమందురు. గాలులను బట్టియు, కొన్ని దేశముల గగనతలము మూయబడుటను బట్టియు విమానములు దీనినుండి కొంత తొలగి నడచును.

ఇక కాలము. గంటకు 900 కిలోమీటర్ల వేగమున ఈ దూరమునకు 14¾ గంటలు చాలును. నేలపై నడచుట, పైకెగయుట, ఎదురుగాలి, చుట్టుదారి కలిసి 16½ గంటలైనదనుకొందము. చలికాలమున మధ్యాహ్నము 1 గంటకు శంషాబాదును విడిచినవాడు, అదే దినమున సాయంకాలము 6 గంటలకు చికాగోలో దిగును! 5 గంటల ప్రయాణమే యని తోచును. చికాగో గడియారము అప్పుడు మనకంటె 11½ గంటలు వెనుక నుండుటయే దీనికి కారణము. వేసవిలో ఈ భేదము 10½ గంటలు.

ఇంట నెదురుచూచు తల్లికి ఈ చిక్కు అక్కఱలేదు. బయలుదేరిన వేళకు ప్రయాణపు గంటలను మన గడియారముననే కూడిన జాలును. ఆ విమానము దిగునది మనకు మఱునాటి తెల్లవారుజామున 5½ గంటలకు. అంతకు ముందు వర్తమానము రాకున్న కలతపడ బనిలేదు.

విద్యార్థులారా! పాఠశాలలోని భూగోళముపై ఈ రెండు నగరములనడుమ దారమును బిగించి చూడుడు. దారము తనంతట తానే ఉత్తరమునకు జరుగుట మీకు గనబడును.