ఇంట్లో ఒకరికి క్షయ వస్తే: వ్యాప్తిని కొలవడం ఎలా?

ఒక ఇంట్లో ఒకరికి క్షయ వచ్చిందనుకుందాం. అదే ఇంట్లో తిని, నిద్రపోయే మిగతావారిలో ఎందరికి ఆ వ్యాధి వస్తుంది? దీనికి ఊహతో జవాబు చెప్పకూడదు, లెక్కించాలి.

జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్‌తో సహా ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019 నుండి 2022 వరకు ‘రేషన్స్’ అనే అధ్యయనం జరిగింది. 2,800 మంది క్షయ రోగుల ఇళ్లలోని 10,345 మందిని పరిశీలించారు. వీరిలో 34 శాతం మందికి పోషకాహార లోపం ఉంది.

మొదటి మెట్టు హారం. ప్రారంభంలోనే 31 మందికి క్షయ ఉన్నట్లు తేలింది. వీరు కొత్త కేసులు కారు కనుక లెక్క నుండి తీసివేయాలి. మిగిలినవారు 10,314 మంది.

రెండవ మెట్టు కాలం. ఒకరిని రెండేళ్లు గమనిస్తే అది రెండు వ్యక్తి-సంవత్సరాలు. అందరి కాలాన్ని కూడితే 21,869 వ్యక్తి-సంవత్సరాలు. ఆ కాలంలో 218 మందికి క్షయ వచ్చింది. అంటే 100 వ్యక్తి-సంవత్సరాలకు సుమారు ఒక కేసు. కొందరిని తక్కువ కాలం, కొందరిని ఎక్కువ కాలం గమనించినా ఈ కొలత న్యాయంగా ఉంటుంది.

మూడవ మెట్టు పోలిక. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. ఒక వర్గంలో మాత్రం కుటుంబ సభ్యులకు కూడా నెలనెలా బియ్యం, పప్పు, సూక్ష్మపోషకాలు అందించారు. ఆహారం అందని వర్గంలో 4,712 మందిలో 122 మందికి (2.6 శాతం), అందిన వర్గంలో 5,602 మందిలో 96 మందికి (1.7 శాతం) క్షయ వచ్చింది. ఇతర తేడాలను సరిచేసి చూస్తే వ్యాధి రేటు సుమారు 39 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2023లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. క్షయ క్రిములు ఒంట్లో చేరడం వేరు, వ్యాధి బయటపడడం వేరు. క్రిములు చేరినా చాలామందికి వ్యాధి రాదు. శరీరం బలహీనపడినప్పుడు అవి విజృంభిస్తాయి. పైగా ఇంట్లో రెండవ వ్యక్తికి వచ్చిన క్షయ బయటి నుండి కూడా సోకి ఉండవచ్చు. కనుక ఈ అధ్యయనం కొలిచింది ఒకరి నుండి ఒకరికి క్రిమి పాకిన తీరును కాదు, రోగితో కలిసి బతికేవారిలో వ్యాధి బయటపడే రేటును.

ఆలోచించండి: 2.6 శాతానికీ 1.7 శాతానికీ తేడా 0.9 శాతమే. అంటే సుమారు 110 మందికి ఆహారం అందిస్తే ఒక్కరికి క్షయ తప్పుతుంది. ఆ ఒక్కరి నుండి మరెందరికి సోకేదో ఈ లెక్కలో లేదు. దానిని కూడా కలిపితే ఆ బియ్యం, పప్పుల విలువ ఎంత?