ఇంటి మొక్కలకి ఎండాకుల మల్చింగా? చెక్క పేళ్లా?

మౌలాలిలో మా ఇంటి మడులు చూసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "మల్చింగ్‌కి ఎండాకులు చాలా, నర్సరీలో అమ్మే వుడ్ చిప్స్ కొనాలా?" వీడియోలో చూపించిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది గుట్టల ప్రాంతం, మొరం కలిసిన ఎర్ర నేల. పోసిన నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, ఎండకి పైపొర గట్టిపడుతుంది. కాబట్టి నేలని కప్పడం తప్పనిసరి. పాలేకర్ గారు చెప్పే బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాపస నాలుగింటిలో ఈ పని ఆచ్ఛాదనది. చెక్క పేళ్లు కూడా ఆచ్ఛాదనే. తేడా అంతా అవి కుళ్లడానికి పట్టే టైమ్‌లో ఉంది.

ఎండాకులు, వరిగడ్డి కొన్ని నెలల్లోనే మట్టిలో కలుస్తాయి. చెక్క పేళ్లకి ఏడాది, రెండేళ్లు పడుతుంది. కారణం ఏమిటంటే, చెక్కలో కార్బన్ చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకి కావలసిన నత్రజనిని చుట్టూ ఉన్న మట్టి నుంచి తీసుకుంటాయి. పేళ్లు పైన పరిస్తే ఈ ప్రభావం నేల పైపొర వరకే. మట్టిలో కలిపితే మాత్రం మొక్కకి అందాల్సింది అందక ఆకులు పసుపు పడతాయి. రంపపు పొట్టు మరీ సన్నం కాబట్టి దాంతో ఇంకా జాగ్రత్త.

నేను పాటించే లెక్క సింపుల్: మొక్క ఎంతకాలం ఉంటుందో, కప్పే వస్తువు కూడా దాదాపు అంతకాలం ఉండాలి.

తోటకూర, పాలకూర, మెంతికూర, టమాట, వంగ లాంటి వాటికి ఎండాకులు, వరిగడ్డి, పల్లీ పొట్టు. పంట అయిపోగానే మళ్లీ తవ్వి విత్తుతాం కదా, అక్కడ పేళ్లు వేస్తే మట్టిలో కలిసిపోతాయి. కరివేపాకు, నిమ్మ, మందార, మల్లె, నడిచే దారులు — వీటికి చెక్క పేళ్లు బాగుంటాయి.

మందం 2 నుంచి 4 అంగుళాలు చాలు. కాండానికి 3 అంగుళాలు వదిలి పరచండి, తాకితే మొదలు కుళ్లుతుంది. ఇంటి గోడకి ఒక అడుగు దూరం ఉంచండి, చెదలు గోడ పట్టకుండా. 15 రోజులకోసారి 1:10 పాళ్లలో పలచన చేసిన జీవామృతం పైన చల్లండి.

వడ్రంగి దగ్గర పేళ్లు తెచ్చుకుంటే ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ ముక్కలు వద్దు. వాటిలో జిగురు రసాయనాలుంటాయి. రంగు, పాలిష్ పడిన చెక్క కూడా వద్దు.

ఇక డబ్బు సంగతి. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే మన వీధుల్లో వేప, కానుగ, రావి ఆకులు కుప్పలుగా రాలతాయి. వాటిని ఊడ్చి తగలబెట్టి, తర్వాత సంచీ చిప్స్ కొనుక్కోవడం ఏం న్యాయం? బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ముందు ఆ ఆకులు సంచుల్లో నింపి దాచుకోండి. పెద్ద మొక్కలకి ఇంకా కావాలంటే అప్పుడు పేళ్ల గురించి ఆలోచించండి.

నెల తర్వాత ఆచ్ఛాదన కొంచెం పక్కకి తీసి చూడండి. కింద మట్టి చల్లగా, తడిగా ఉండి వానపాములు కనిపిస్తే మీరు వేసింది సరిపోయినట్టే.